పిల్లలను కరాటే, కుస్తీ, బాక్సింగ్‌లలో చేర్పించే ముందు: విజయనగరం, శ్రీకాకుళం తల్లిదండ్రులకు

ఏప్రిల్ నెలాఖరులో బడులకు సెలవులు ఇచ్చీ ఇవ్వగానే వేసవి శిక్షణ శిబిరాల ప్రకటనలు మన రెండు జిల్లాల్లోని గోడల మీదా వాట్సాప్ గ్రూపుల్లోనూ కనిపిస్తాయి. కరాటే, తైక్వాండో, జూడో, కుస్తీ, బాక్సింగ్‌లతో పాటు ఈ మధ్య కిక్ బాక్సింగ్ కూడా వాటిలో చేరింది. పిల్లవాడు వెళతానని మారాం చేస్తాడు, తండ్రికి లోలోపల సరదాగానే ఉంటుంది, తల్లికి భయం, నాయనమ్మ అయితే "ఆడపిల్లకి ఆ తన్నులేటమ్మా" అని ఒక్క మాటతో తేల్చేస్తుంది. అలాంటి ఇంట్లో జరిగే చర్చకు పనికి వస్తుందని ఈ వివరాలు రాస్తున్నాను. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి మంచివనో చెడ్డవనో తేల్చడం సరికాదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. తలకు దెబ్బ కొట్టడమే లక్ష్యంగా ఉన్న ఆటకు గానీ, అలాంటి దెబ్బకు పాయింట్లు ఇచ్చే పోటీకి గానీ పదహారేళ్లు నిండని పిల్లలను పంపకూడదు. తక్కిన వాటికి, నేర్పేవారు జాగ్రత్తపరులై, కింద నేల మెత్తనిదై ఉంటే, నిశ్చింతగా పంపవచ్చు.

ఒంటిని గట్టిపరచుకోవడం, పట్టు పట్టడం మన ప్రాంతానికి పరాయి సంగతులు కావు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కసరత్తు చేసి, అక్కడే వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, సర్కసుతో దేశమంతటా పేరు తెచ్చుకున్న కోడి రామ్మూర్తి నాయుడి పేరునే శ్రీకాకుళం స్టేడియానికి పెట్టుకున్నాం. సాము గరిడీలు, కర్రసాము ఊరి సంబరాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. అయితే తాలింఖానా, అంటే పాతకాలపు వ్యాయామశాల పద్ధతిలో దండీలు, బస్కీలు ముందు, ప్రత్యర్థి ఆ తర్వాత. ఇప్పటి శిబిరాల్లో చాలాచోట్ల ఆ వరుస తలకిందులై, నెల తిరక్కుండానే పిల్లలను ఎదురెదురుగా నిలబెడుతున్నారు. ప్రమాదమంతా ఆ తొందరలోనే ఉంది.

తలకు దెబ్బ తగిలే ఆటా, కాదా

చేయి బెణికితే మానుతుంది, ఎముక విరిగినా పిల్లల్లో త్వరగానే అతుకుతుంది. మెదడు సంగతి అలా కాదు. తల మీద దెబ్బ పడినప్పుడు, ముఖ్యంగా తల ఒక పక్కకు విసురుగా తిరిగినప్పుడు, పుర్రె లోపల మెదడు కదిలి అదురుతుంది. దీనినే వైద్యులు కంకషన్ అంటారు. స్పృహ తప్పితేనే కంకషన్ అని చాలామంది అనుకుంటారు కానీ, ఎక్కువ సందర్భాల్లో స్పృహ తప్పదు. పిల్లలకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, మెడ కండరాలు బలహీనం, పైగా అలాంటి దెబ్బ నుంచి కోలుకోవడానికి పెద్దవారి కంటే ఎక్కువ రోజులు పడుతుంది.

ఈ కారణంతోనే అమెరికా, కెనడా దేశాల పిల్లల వైద్యుల సంఘాలు 2011లో ఉమ్మడిగా ఒక ప్రకటన చేస్తూ, పిల్లలూ కౌమార వయస్కులూ బాక్సింగ్‌లో పాల్గొనడాన్ని తాము వ్యతిరేకిస్తున్నామని స్పష్టంగా చెప్పాయి. ప్రపంచ వైద్య సంఘమైతే 1983 నుంచీ బాక్సింగ్‌నే నిషేధించాలని కోరుతోంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో కరాటే, తైక్వాండో, జూడో వంటి వాటిని పరిశీలించి, ఒకరినొకరు తాకకుండా చేసే సాధన పిల్లలకు మంచిదేనని, బాగా నేర్చుకున్నాకే పోటీలకు పంపాలని, గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ కలిసిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలు మాత్రం పిల్లలకు వద్దని సూచించింది.

తలకు హెల్మెట్ లాంటి హెడ్‌గార్డ్ పెడతాం కదా, ఇంకేం భయం అని శిక్షకులు అంటారు. హెడ్‌గార్డ్ వల్ల చర్మం చిట్లదు, చెవి నలగదు. లోపల మెదడు అదరడాన్ని మాత్రం అది ఆపలేదు. ఈ ఒక్క విషయం తల్లిదండ్రులకు తెలిస్తే సగం నిర్ణయం దానంతటదే జరిగిపోతుంది.

ఇక ఆటలవారీగా చూద్దాం. తైక్వాండో పోటీల్లో తలపై తన్నుకు ఒంటిపై తన్ను కంటే ఎక్కువ పాయింట్లు ఇస్తారు, అంటే పిల్లవాడు గెలవాలంటే తలనే గురి చూడాలి. కరాటేలో ఇద్దరు తలపడే కుమితేలో దెబ్బను అదుపులో ఉంచాలన్న నియమం ఉన్నా, అత్యధికంగా మూడు పాయింట్లు తెచ్చేవాటిలో తలపై తన్ను ఒకటి. కాబట్టి ఈ రెండిటిలోనూ చిన్నపిల్లలకు నేను సూచించేది ఒంటరిగా చేసే వరుస కదలికల సాధన. కరాటేలో దానిని కతా అంటారు, తైక్వాండోలో పూమ్సే. దానికీ పోటీలు ఉన్నాయి, పతకాలూ ఉన్నాయి. బాక్సింగ్ మీద పిల్లవాడికి మరీ మక్కువ ఉంటే తాడాట, కాళ్ల కదలిక, సంచిని కొట్టడం, శిక్షకుడు పట్టుకున్న ప్యాడ్లను కొట్టడం వరకు పంపండి. మరో పిల్లవాడి ముఖం మీద గుద్దే స్పారింగ్‌కు మాత్రం ఒప్పుకోకండి. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ విజేత అయింది కదా, ఆమె చిన్నప్పుడే మొదలుపెట్టలేదా అని ఎవరైనా అడుగుతారు. అంతర్జాతీయ బాక్సింగ్‌లో 13, 14 ఏళ్ల పిల్లలకు ఒక విభాగం ఉన్న మాట నిజమే. శిఖరానికి చేరిన ఒకరిని చూసి, అదే దారిలో దెబ్బలు తిని ఆట మానేసిన పిల్లలను లెక్కలోకి తీసుకోకపోవడం తల్లిదండ్రులు చేయదగిన పని కాదు.

పడటం నేర్పారా

జూడో, కుస్తీలలో గుద్దులూ తన్నులూ ఉండవు. పట్టు, విసురు, నేల మీద అదుపు, ఇంతే. కాబట్టి నా నియమం ప్రకారం ఇవి పిల్లలకు అనుకూలమైన ఆటలు. కబడ్డీ ఆడి పెరిగిన మన పల్లె పిల్లలకు కుస్తీ పట్లు త్వరగా అలవాటవుతాయి. అయితే ఇక్కడ కూడా తలకు ఒక ప్రమాదం ఉంది, అది నేల.

జూడో పుట్టిన జపాన్‌లోనే 1983 తర్వాతి మూడు దశాబ్దాల లోపు వందమందికి పైగా విద్యార్థులు బడుల్లో జూడో సాధన చేస్తూ చనిపోయారని ఒక పరిశోధకుడు లెక్కలు తీసి బయటపెట్టాడు. వారిలో చాలామంది తలకు దెబ్బ తగిలినవారు, అందులోనూ కొత్తగా చేరిన పిల్లలు ఎక్కువ. వెల్లకిలా పడేటప్పుడు తల వెనక భాగం నేలకు కొట్టుకోవడమే ముఖ్య కారణం. ఆ లెక్కలు వచ్చాక అక్కడ శిక్షకులకు తలగాయాల గురించి నేర్పారు. 2022లో జపాన్ జూడో సమాఖ్య ప్రాథమిక పాఠశాల పిల్లల జాతీయ పోటీనే రద్దు చేసింది, ఎలాగైనా గెలవాలన్న యావ చిన్నపిల్లలను చెడగొడుతోందన్న కారణంతో.

కాబట్టి జూడోకో కుస్తీకో పంపదలచినవారు పడటం ఎలా నేర్పుతున్నారో దగ్గరగా చూడాలి. సరైన శిక్షణలో పిల్లవాడు మొదట వెల్లకిలా పడుకుని, గడ్డాన్ని రొమ్ముకు ఆనించి, తన నడుముకున్న బెల్టు ముడి వైపు చూస్తూ, ఒంటికి కాస్త ఎడంగా రెండు చేతులతో మ్యాట్‌ను చరుస్తాడు. అది అలవాటయ్యాక గొంతుక్కూర్చుని వెనక్కి దొర్లుతాడు, తర్వాత నిలబడి పడతాడు, అంతా అయ్యాకే తోటివాడి చేతిలో పడతాడు. చూడాల్సింది గడ్డాన్నే. పడిన ప్రతిసారీ గడ్డం రొమ్మును అంటుకునే ఉంటే తల వెనక భాగం నేలను తాకదు. అది తనంతట తానుగా జరిగే దాకా, అంటే కనీసం కొన్ని వారాల పాటు, పిల్లవాడిని ఎవరూ విసరకూడదు. మొదటి రోజే విసురు నేర్పే చోటి నుంచి మర్యాదగా సెలవు తీసుకుని వచ్చేయండి.

నేల గురించి కూడా ఒక మాట. మన ఊళ్లలో చాలా తరగతులు డాబాల మీదా కల్యాణ మండపాల్లోనూ బడి వరండాల్లోనూ నడుస్తాయి. కతాకు అది సరిపోతుంది. విసురుకు మాత్రం కనీసం 40 మిల్లీమీటర్ల మందం ఉన్న గట్టి మ్యాట్లు, మధ్యలో సందు లేకుండా పరచి ఉండాలి. ముక్కలుగా కలిపే పలుచని ఫోమ్ మ్యాట్లు సిమెంటు మీద పరిచి జూడో నేర్పుతుంటే అది జూడో కాదనే అనుకోండి.

వయసు, బరువు

అయిదు నుంచి ఏడేళ్ల వరకు దొర్లడం, దూకడం, తూకం నిలుపుకోవడం వంటివి ఆటలాగా చేయిస్తే చాలు, దానికి ఏ పేరు పెట్టినా ఒకటే. ఎనిమిదేళ్ల నుంచి కతా, పడటం, తేలికైన పట్లు నేర్పవచ్చు. పదకొండు పన్నెండేళ్ల తర్వాత, మెడకు కింది భాగానికి పరిమితమైన తేలికపాటి తలపడటం ఫరవాలేదు. పాఠశాల క్రీడల్లో 14, 17, 19 ఏళ్ల లోపు విభాగాలు ఉంటాయి కాబట్టి, తొందరపడనక్కరలేదు, తర్వాత కూడా అవకాశాలు మిగిలే ఉంటాయి.

వయసు కంటే జత కుదర్చడం ముఖ్యం. ఏడో తరగతిలో ఒకడికి మీసం మొలుస్తుంటుంది, పక్కవాడు ఇంకా పాలబుగ్గల పసివాడిగానే ఉంటాడు. ఇద్దరికీ పన్నెండేళ్లే, ఒకడు 28 కిలోలు, మరొకడు 45 కిలోలు. వయసు ఒకటే కదా అని ఇలాంటి ఇద్దరిని జత చేయకూడదు. బరువుతో పాటు ఎదుగుదలనూ, నేర్చుకున్న కాలాన్నీ చూసి జత చేసేవాడే శిక్షకుడు.

బరువు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. పోటీకి ముందు తక్కువ బరువు విభాగంలో దూరడానికి పిల్లలను పస్తులుంచడం, నీళ్లు మాన్పించడం, దుప్పటి కప్పి పరుగెత్తించడం జరుగుతూనే ఉంది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫొగాట్ కేవలం 100 గ్రాములు ఎక్కువై ఫైనల్ పోగొట్టుకున్నప్పుడు ఆ ముందు రాత్రి ఆమె పడిన పాట్లు దేశమంతా విన్నది. 1997లో అమెరికాలో ముగ్గురు కళాశాల కుస్తీ క్రీడాకారులు ఇలా బరువు దించుకుంటూనే కొద్ది వారాల వ్యవధిలో చనిపోయారు. ఎదిగే పిల్లవాడు ఏ బరువు ఉంటే ఆ విభాగంలోనే ఆడాలి. ఒక కిలో తగ్గించుకుని రమ్మని చెప్పే శిక్షకుడికి వద్దని నేరుగా చెప్పండి.

చేర్పించే ముందు వైద్యుడి దగ్గరకు

ఈ పరీక్షను చాలామంది సంతకం కోసం చేసే తతంగంగా భావిస్తారు. మన జిల్లాల్లో మాత్రం దీనికి కొన్ని ప్రత్యేక కారణాలు ఉన్నాయి. మలేరియా, టైఫాయిడ్ వంటి జ్వరాల తర్వాత ప్లీహం వాచి ఉండే అవకాశం ఉంది. ఆ స్థితిలో పొట్ట ఎడమ భాగంలో గట్టి దెబ్బ తగిలితే అది చిట్లి లోపల రక్తస్రావం కావచ్చు. కాబట్టి అలాంటి జ్వరం వచ్చి తగ్గిన పిల్లవాడిని, వైద్యుడు పొట్ట పరీక్షించి సరేనన్నాకే మళ్లీ పంపాలి. గిరిజన ప్రాంతాల పిల్లలకు సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య లక్షణం ఉందేమో తెలిపే పరీక్ష ముందే చేయించి ఉంచాలి, ఎందుకంటే ఆ లక్షణం ఉన్నవారు ఎండలో నీళ్లు తాగకుండా విపరీతంగా కసరత్తు చేస్తే ప్రాణాపాయం కలగవచ్చు. మూర్ఛ, గుండె జబ్బు, రక్తం గడ్డకట్టని జబ్బు, ఒక్క కన్ను మాత్రమే సరిగా కనిపించడం, ఒకటే మూత్రపిండం ఉండటం, గతంలో తలకు గాయమవడం వంటివి ఉంటే దాచకుండా చెప్పండి. ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ కాబట్టి హిమోగ్లోబిన్ కూడా చూపించడం మంచిది.

శిక్షణ కేంద్రంలో ఒక పూట

ఫీజు కట్టే ముందు ఒక తరగతి మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూడండి. తల్లిదండ్రులు చూడటానికి వీల్లేదని చెబితే అక్కడితో మీ పరిశీలన ముగిసినట్లే. పిల్లవాడు ఏడిస్తే మాస్టారు ఏం చేస్తున్నారో గమనించండి. పట్టులో ఉన్న పిల్లవాడు చేత్తో మ్యాట్‌ను తడితే, అంటే ఇక చాలని చెబితే, ఎదుటివాడు తక్షణం వదిలేస్తున్నాడా, వదలకపోతే మాస్టారు ఊరుకుంటున్నారా అన్నది చూస్తే ఆ కేంద్రం స్వభావమంతా తెలిసిపోతుంది. మే నెలలో మన తీరం వెంబడి ఉక్కపోతకు మందపాటి డ్రెస్సులో పిల్లలు తడిసి ముద్దవుతారు. సాధన తెల్లవారుజామునో సాయంత్రమో జరగాలి, పావుగంటకో ఇరవై నిమిషాలకో నీళ్లు తాగనివ్వాలి. నీళ్లు అడిగితే క్రమశిక్షణ లేదని గద్దించేవారు ఇంకా ఉన్నారు, వారికి పిల్లల ఒంటి గురించి తెలియదని అర్థం. మ్యాట్లను రోజూ మందు నీళ్లతో తుడుస్తున్నారా అని కూడా అడగండి, కుస్తీ మ్యాట్ల మీద తామర, చీముపొక్కులు ఒకరి నుంచి ఒకరికి తేలికగా అంటుకుంటాయి.

వార్షికోత్సవాల్లో పెంకులు పగలగొట్టించడం, చేతుల మీదుగా మోటారుసైకిళ్లు నడిపించడం, పొట్ట మీద కొబ్బరికాయ కొట్టించడం మన దగ్గర చప్పట్లు తెచ్చే విద్యలు. పిల్లల చేతి ఎముకల చివర్లలో ఎదిగే భాగం ఇంకా మెత్తగానే ఉంటుంది, అక్కడ దెబ్బ తగిలితే ఆ ఎముక వంకరగా పెరగవచ్చు. ఇలాంటి ప్రదర్శనలతో ప్రచారం చేసుకునే కేంద్రాన్ని నేనైతే మొదటే పక్కన పెడతాను.

మరొక విషయం మొహమాటం లేకుండా అడగాలి. పట్లు నేర్పేటప్పుడు ఒంటిని తాకక తప్పదు కాబట్టి, ఆడపిల్లల తరగతిలో మరో మహిళ ఉందా, ఒంటరిగా ఒక పిల్లను ఉంచి ప్రత్యేక శిక్షణ ఇస్తున్నారా, పొరుగూరి పోటీలకు వెళితే రాత్రి బస ఎక్కడ, తోడు ఎవరు అన్నవి ముందే తేల్చుకోండి. తాకే తీరు నచ్చకపోతే మాస్టారుకైనా వద్దని చెప్పవచ్చని పిల్లలకు ఇంట్లోనే చెప్పి పంపండి. ఏదైనా అనుమానం కలిగితే 1098కి ఫోన్ చేయవచ్చు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది, శిక్షకుడి పరువు పోతుందన్న మాట అక్కడ చెల్లదు.

దెబ్బ తగిలిన రోజు

తలకు దెబ్బ తగిలాక పిల్లవాడు తికమకగా చూస్తున్నా, తల నొప్పి అంటున్నా, తూలుతున్నా, వెలుతురు భరించలేకపోతున్నా, అడిగిందే మళ్లీ అడుగుతున్నా ఆ రోజుకు ఆట ముగిసింది. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ దింపడం అత్యంత ప్రమాదకరం, ఎందుకంటే మొదటి దెబ్బ నుంచి తేరుకోని మెదడుకు రెండో దెబ్బ తగిలితే అరుదుగానైనా మెదడు వాచి ప్రాణం మీదకు రావచ్చు. పదే పదే వాంతులు, అంతకంతకూ పెరిగే తలనొప్పి, మగత, మూర్ఛ, ఒక కంటిపాప పెద్దదవడం, చెవి నుంచో ముక్కు నుంచో నీరు కారడం, కాలు చేయి తిమ్మిరెక్కడం, మెడ నొప్పి, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి. మెడ నొప్పి ఉంటే పిల్లవాడిని కదపకుండా ఉంచాలి.

దెబ్బ తగిలిన గంటో రెండు గంటలో మామూలుగా ఉండి, ఆ తర్వాత మగతలోకి జారిపోయే కేసులు ఉంటాయి. పుర్రె లోపల రక్తం మెల్లగా పేరుకోవడం దానికి కారణం. మన జిల్లాల్లో దూరాలు ఇక్కడే అడ్డం వస్తాయి. శ్రీకాకుళం నుంచి విశాఖ కేజీహెచ్ వంద కిలోమీటర్లకు పైమాటే, ఇచ్ఛాపురం నుంచైతే రెండు వందలు దాటుతుంది. కాబట్టి మీకు దగ్గరలో తల స్కాన్ తీసే ఆసుపత్రి ఏది, మెదడుకు శస్త్రచికిత్స చేసే వైద్యుడు ఎక్కడ ఉన్నారు అన్నది చేర్పించే రోజే తెలుసుకుని ఫోన్ నంబరుతో సహా రాసి ఉంచుకోవాలి, శిక్షకుడి దగ్గర కూడా ఒక ప్రతి ఉండాలి.

ప్రమాద సూచనలు లేకపోయినా ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఇచ్చి, ఫోన్ చూడటం తగ్గించి, వైద్యుడికి చూపించండి. ఆ తర్వాత నడక, పిదప బడి, బడి ఇబ్బంది లేకుండా సాగాక తేలిక కసరత్తు, ఇలా ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు చొప్పున ముందుకు వెళ్లాలి, లక్షణాలు మళ్లీ వస్తే ఒక మెట్టు కిందికి దిగాలి. బ్రిటన్ 2023లో సాధారణ క్రీడాకారులకు ఇచ్చిన సూచనల ప్రకారం 21 రోజుల లోపు పోటీకి వెళ్లకూడదు. జిల్లా పోటీలు వచ్చే వారమే ఉన్నాయన్నది దీనికి మినహాయింపు కాదు.

దూకుడు, ఆత్మరక్షణ, సర్టిఫికెట్లు

కొట్టడం నేర్పితే పిల్లవాడు రౌడీ అవుతాడేమో అన్న భయం సగం నిజం. నార్వేలో మగపిల్లలపై చేసి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో బాక్సింగ్, కుస్తీ, బరువులెత్తడం వంటి వాటిలో చేరిన వారిలో దురుసుతనం పెరిగినట్లు తేలింది. మర్యాద, నిగ్రహం పాఠంలో భాగంగా నేర్పే సంప్రదాయ కళల వల్ల దూకుడు తగ్గుతుందని చెప్పిన అధ్యయనాలూ ఉన్నాయి. నా దృష్టిలో తేడా శిక్షకుడి నోటి మాటలో ఉంటుంది. "కొట్టరా, వాడిని పడగొట్టరా" అని అరిచే చోట ఒకటి నేర్చుకుంటారు, ఓడినవాడికి చేయి అందించే చోట మరొకటి నేర్చుకుంటారు.

ఆడపిల్లలకు ప్రభుత్వ బడుల్లో ఆరో తరగతి నుంచి రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్ష ప్రశిక్షణ కింద మూడు నెలల శిక్షణ ఇస్తున్నారు, అవకాశం వస్తే తప్పక పంపండి. అయితే మూడు నెలల కరాటేతో పెద్ద మగవాడిని పన్నెండేళ్ల పిల్ల పడగొట్టలేదు. కేకలు వేయడం, చేయి విడిపించుకోవడం, జనం ఉన్న వైపు పరుగెత్తడం, ఇంట్లో చెప్పడం, ఇవే ఆ వయసులో అసలైన రక్షణ. వాటిని నేర్పని ఆత్మరక్షణ తరగతి వ్యాయామంగా మాత్రమే పనికొస్తుంది.

కరాటే, తైక్వాండోలలో స్థాయిని బట్టి ఇచ్చే రంగు బెల్టులకూ స్పోర్ట్స్ కోటాకూ సంబంధం లేదు. కోటాలో చూసేది గుర్తింపు పొందిన సమాఖ్య నిర్వహించిన పోటీల్లో వచ్చిన పతకాలను, పాల్గొన్న పత్రాలను మాత్రమే. కరాటేలో ఒకే పేరుకు దగ్గరగా ఉండే సంఘాలు చాలా ఉన్నాయి కాబట్టి, పోటీకి డబ్బు కట్టే ముందు ఆ సంఘానికి కేంద్ర క్రీడా శాఖ గుర్తింపు ఉందా అని జిల్లా క్రీడాభివృద్ధి అధికారి కార్యాలయంలో కనుక్కోండి. రుసుము తీసుకుని ప్రపంచ రికార్డు పత్రం ఇస్తామనేవారితో మాట్లాడనక్కరలేదు. ఫీజు నెలనెలా కట్టండి. ఏడాదికి ఒకేసారి కట్టితే, పిల్లవాడు మానేస్తానన్న రోజున అతని మాట కంటే కట్టిన డబ్బే మనకు ఎక్కువగా గుర్తొస్తుంది. మానేస్తానంటే ఎందుకో ఆ సాయంత్రమే, మాస్టారు లేని చోట, నింపాదిగా అడగండి.